ఇషా అయ్యాక లైవ్

ఇషా నమాజు అయ్యి, పాతబస్తీలోని శాలిబండలో, యాకుత్‌పురాలో షట్టర్లు దిగాక మేడ మీది గదుల్లో ఒక పని మొదలవుతుంది: ఫోనులో ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం. ఇంట్లోవాళ్ల లెక్కలో అది ఆట. నన్నడిగితే పనితనం.

సరంజామా ఎంతో అక్కర్లేదు. ఫోను, స్టాండు, కాలరుకు తగిలించిన మైకు. మొదటిసారి లైవ్‌కి అనుమతి అడిగితే యూట్యూబ్ 24 గంటల దాకా ఆగమంటుంది. ఫోను నుంచే వెళ్లాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి; వాళ్లలో సగం చుట్టాలు, మిగతా సగం గల్లీ దోస్తులు. కంప్యూటరుంటే లైవ్ నడిపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అసలు చిక్కంతా అప్‌లోడ్ దగ్గర. 720పీ బొమ్మకి సెకనుకు సుమారు 4 మెగాబిట్లు నిలకడగా పోవాలి. పక్క గదిలో అక్క పెళ్లి వీడియో పంపడం మొదలెట్టిందా, తెరంతా గళ్లే.

నేను మెచ్చేది మాత్రం మాటని. వేళ్లు గురి మీద, ఒక కన్ను చాట్ మీద. నోరు దక్కనీలో "హౌ భాయ్, ఉధర్ నక్కో జావ్" అంటుంటుంది, అంతలో ఏ వరంగల్ పిల్లాడో పలకరిస్తే "అన్నా, తిన్నవా?" అని తెలుగులోకి దూకుతుంది. చూసేవాళ్లు సున్నా అని కనిపిస్తున్నా గంటసేపు ఆగకుండా మాట్లాడగలగడం చిన్న విద్య కాదు.

ఆటలే నిలకడగా ఉండవు. పబ్జీని మన దేశంలో 2020 సెప్టెంబరులో నిషేధించారు. 2021 జులైలో దాని బదులు బీజీఎంఐ వచ్చింది, మరుసటి జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. ఆట పోయినప్పుడల్లా మాటకారికే ఎక్కువ వెసులుబాటు: లూడో పెట్టుకునైనా లైవ్ నడిపించగలడు.

డబ్బంటారా? మొదట్లో డేటా ఖర్చు కూడా రాదు.