మాట్లాడుకుంటూ ఎక్కే ఘాట్

శృంగవరపుకోట దాటాక, బొడ్డవర దగ్గర అరకు రోడ్డు కొండకు తిరుగుతుంది. మొదటిసారి అక్కడికి సైకిల్ మీద వెళ్లినప్పుడు, విశాఖ నుంచి వచ్చిన ఊపులోనే ఘాట్ ఎక్కబోయాను. మూడో మలుపుకే తొడలు బిగుసుకుపోయాయి. దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిచాను.

వెనక సైకిల్ మీద వచ్చిన ఒక పెద్దాయన ఆగారు. "అంత తొందరెందుకు బాబూ, మాట్లాడుకుంటూ పోదాం రా" అన్నారు. దారంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు: ఏ ఊరు, పిల్లలెందరు, పొద్దున ఏం తిన్నావు? ఆయాసంతో నేను జవాబు మింగేసిన ప్రతిసారీ ఆయన తన గేరు తగ్గించి నాకోసం నెమ్మదించేవారు. అవి ఊసుపోక కబుర్లు కావని, నా ఊపిరిని కొలుస్తున్నారని అనంతగిరి చేరాకే తెలిసింది. కొండ మీద వేగానికి అంతకన్నా మంచి కొలమానం నాకు ఇప్పటికీ దొరకలేదు.

చదునైన రోడ్డు మీద మనల్ని ఎక్కువగా ఆపేది గాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పని మన బరువే చేస్తుంది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. వంద మీటర్లకు ఏడు మీటర్లు లేచే దారిలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే, ఆ బరువును పైకి మోయడానికే సుమారు 150 వాట్ల శక్తి కావాలి. 12తో వెళ్లాలంటే ఇంకో 30 వాట్లు. ఆ 30 వాట్ల కోసమే ఆ రోజు నా తొడలు అలిసిపోయాయి. అందుకే కాళ్లు బరువెక్కక ముందే గేరు తగ్గించాలి. పెడలు తేలిగ్గా, ఆగకుండా తిరగాలి.

దిగేటప్పుడు సమయం కలిసొస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పది కిలోమీటర్లు 10 వేగంతో ఎక్కి, అదే దారిలో 40తో దిగితే సగటు 25 కాదు, 16. ఎక్కడానికి గంట పడితే దిగడానికి పావుగంటే కదా! గడువులోగా పూర్తిచేయాల్సిన దూరప్రయాణాలైన బ్రెవేల్లోనూ ఈ లెక్క తప్పదు: 200 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌కు గడువు 13 గంటల 30 నిమిషాలు. దారిలో కొండలున్నా అంతే. ఆలస్యమైందని మలుపుల్లో బ్రేకు వదిలేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఎదురుగా బస్సు వస్తుంది.

ఈ ఆదివారం ఘాట్ ఎక్కేవాళ్లకు నాదొక విన్నపం. హ్యాండిల్ మీద వేగం చూపే మీటరుకు రుమాలు చుట్టండి. కబుర్లు చెప్పే తోడును వెంట తీసుకెళ్లండి.