పేరుతో పాటు మారే క్రియ: ‘ఇష్యూ’ నుంచి ‘వర్క్ ఐటమ్’ వరకు – ఒక అర్థవిచారణ

వ్యాస సంగ్రహం: పని నిర్వహణ సాఫ్ట్‌వేర్ ‘జిరా’లో రెండు దశాబ్దాలకు పైగా మూలపదంగా ఉన్న ‘ఇష్యూ’ స్థానంలోకి 2025లో ‘వర్క్ ఐటమ్’ వచ్చింది. పాత పదం ఎందుకు నిలవలేకపోయింది, కొత్త పదం దేనిని వదిలిపెట్టింది అనే రెండు ప్రశ్నలను అర్థవిపరిణామ దృష్టితో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అర్థవిపరిణామం, అర్థవ్యాకోచం, పారిభాషిక పదం, జిరా, పదసాహచర్యం.

1. ప్రవేశిక

పదం నిలిచి ఉండగా దాని అర్థం మారడం భాషలో సహజంగా జరిగే పరిణామం. వస్తువు నిలిచి ఉండగా దాని పేరును మార్చడం మాత్రం సాధారణంగా ఎవరో తీసుకునే నిర్ణయం. మొదటిదానికి కర్త కనిపించడు, రెండవదానికి కనిపిస్తాడు. కనుక దానిని విమర్శకు పెట్టవచ్చు.

సిడ్నీ కేంద్రంగా పనిచేసే అట్లాసియన్ సంస్థ 2002లో జిరాను విడుదల చేసింది. ఆ పేరు పుట్టుకలోనే సాధనం స్వభావం ఉంది. సంస్థలోని వారు అంతకుముందు ప్రోగ్రాముల లోపాలను నమోదు చేయడానికి ‘బగ్‌జిల్లా’ను వాడేవారు. దానిని గాడ్జిల్లాకు జపనీస్ పేరైన ‘గోజిరా’తో పిలుచుకోగా, అందులోని చివరి భాగం కొత్త సాధనానికి పేరైంది. లోపాల నమోదు పుస్తకంగా మొదలైన సాధనంలో ప్రతి నమోదునూ ‘ఇష్యూ’ అనడం ఆనాటికి సముచితమే.

2. వ్యాకోచం ఎందుకు పూర్తి కాలేదు?

కాలక్రమంలో లోపాలతో పాటు కొత్త సౌకర్యాల ప్రతిపాదనలు, చేయవలసిన పనులు, ‘స్టోరీ’లు, ‘ఎపిక్’లు కూడా అదే పద్దులోకి చేరాయి. ప్రచార విభాగాలు, ఉద్యోగ నియామక విభాగాలు కూడా జిరాను వాడసాగాయి. ఈ విభాగాల కోసం విడిగా ఉంచిన ‘జిరా వర్క్ మేనేజ్‌మెంట్’ను 2024లో ‘జిరా సాఫ్ట్‌వేర్’తో కలిపి ఒక్కటే ‘జిరా’గా చేశారు. అప్పటికి ‘ఇష్యూ’ కింద ఒక అభ్యర్థి ముఖాముఖి, ఒక కరపత్రం ముద్రణ కూడా వస్తున్నాయి.

తెలుగులో ఇటువంటి విస్తృతికి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘నూనె’. నువ్వుల నుంచి తీసిన నెయ్యికి పుట్టిన ఆ పేరు వేరుశనగ నూనెకూ కొబ్బరి నూనెకూ వర్తించింది. ‘నువ్వుల నూనె’ అన్నప్పుడు నువ్వులు రెండుసార్లు వచ్చాయని ఎవరికీ తోచదు. రాగితో చేసిన పాత్రకు వచ్చిన ‘చెంబు’ అనే పేరు నేడు స్టీలు చెంబుకూ చెల్లుతున్నది. ఈ రెండింటిలోనూ ఎవరూ పేరు మార్చవలసిన అవసరం రాలేదు. అయితే ‘ఇష్యూ’కు ఆ అవసరం ఎందుకు వచ్చింది?

వ్యాకోచం పూర్తి కావాలంటే మూలార్థం వాడేవారి స్పృహ నుంచి తప్పుకోవాలి. ‘నూనె’లోని నువ్వులు, ‘చెంబు’లోని ఎరుపు అలాగే తప్పుకున్నాయి. ‘ఇష్యూ’ విషయంలో అది జరగలేదు. ఆఫీసు దాటి బయటికి వస్తే ఆ పదానికి సమస్య, వివాదం అనే అర్థాలు సజీవంగా ఉన్నాయి. ఆంగ్లంలో దానికి వెలువడటం, సంతానం, పత్రిక సంచిక వంటి అర్థాలు కూడా ఉన్నాయి; తెలుగు వాడుక ప్రధానంగా సమస్య, వివాదం అనే అర్థాలనే స్వీకరించింది. ‘ఇంట్లో ఏదో ఇష్యూ నడుస్తోంది’ అనే వ్యక్తి ఆఫీసులో ‘నా పేరున పది ఇష్యూలున్నాయి’ అన్నప్పుడు, వినేవారికి ముందు స్ఫురించేది చిక్కులే. నిత్యవ్యవహారంలోని అర్థం పారిభాషికార్థాన్ని ప్రతిరోజూ వెనక్కి లాగుతున్నప్పుడు వ్యాకోచం సగంలో ఆగుతుంది. ఈ కోణంలో చూస్తే పేరు మార్పు సమంజసమే.

3. నామంతో పోయిన క్రియ

నామపదం ఒంటరిగా ఉండదు. తనకు అలవాటైన క్రియలను వెంట ఉంచుకుంటుంది. తెలుగులో సమస్యను ‘లేవనెత్తుతారు’, ‘పరిష్కరిస్తారు’. పనిని ‘అప్పగిస్తారు’, ‘పూర్తిచేస్తారు’. మొదటి జతలో ముందు కనిపించేది సమస్యను చూసి చెప్పినవాడు. రెండవ జతలో ముందు కనిపించేది పని చేయించేవాడు, తరువాత చేసేవాడు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల మిశ్రభాషలో ‘ఇష్యూ రైజ్ చేశాను’ అనేది సహజమైన వాక్యం. ‘వర్క్ ఐటమ్ రైజ్ చేశాను’ అనేది చెవికి ఇమడదు. అక్కడ ‘క్రియేట్ చేశాను’ అనవలసి వస్తుంది.

ఈ భేదం మాటలకే పరిమితం కాదు. జిరాలోని నమోదులకు ‘రిపోర్టర్’, ‘అసైనీ’ అనే రెండు పాత్రలుంటాయి. ‘ఇష్యూ’ అన్న పేరు మొదటివారి వైపు నిలిచింది: ఎవరో ఒక తప్పును చూశారు, దానికి జవాబు రావాలి. ‘వర్క్ ఐటమ్’ రెండవవారి వైపు నిలుస్తుంది: ఇది చేయవలసిన పని, ఇది లెక్కకు వచ్చే పని. చెప్పినవారికి జవాబు బాకీ ఉన్నదన్న భావం కొత్త పేరులో లేదు. లోపం చూపిన వ్యక్తి సంస్థలో చిన్న ఉద్యోగి అయినప్పుడు ఈ నష్టం స్వల్పమైనది కాదు. అతడి ఫిర్యాదు, పై అధికారి కోరిన కొత్త హంగు – రెండూ ఒకే వరుసలో ‘పని’గా నిలుస్తాయి. వరుసలో ఏది ముందన్నది అప్పగించేవారి ఇష్టం.

4. పైపేరు, లోపేరు

తెరపై పేరు మారినా సాధనం లోపలి భాష పూర్తిగా మారలేదు. ఇతర ప్రోగ్రాములు జిరాతో మాట్లాడే ఏపీఐ చిరునామాలలో ‘ఇష్యూ’ నిలిచే ఉంది. అనేక సంస్థలు రాసుకున్న అనుసంధానాలు ఆ పదం మీద ఆధారపడినందున దానిని తొలగించడం తేలిక కాదు. నమోదు ఎలా ముగిసిందో తెలిపే గడికి ‘రిజల్యూషన్’ అన్న పేరే ఉంది. పనికి రిజల్యూషన్ ఉండదు, సమస్యకు ఉంటుంది. పాత అర్థక్షేత్రం అవశేషాలుగా మిగిలి, కొత్త పేరు దానిని పూర్తిగా నింపలేదని చూపుతున్నది.

‘వర్క్ ఐటమ్’ అట్లాసియన్ కల్పించిన పదం కూడా కాదు. మైక్రోసాఫ్ట్ టీమ్ ఫౌండేషన్ సర్వర్‌లోనూ, దాని వారసత్వంగా వచ్చిన అజ్యూర్ డెవాప్స్‌లోనూ అదే మూలపదం. అయితే అక్కడ ఆ సామాన్యనామం కింద ‘బగ్’ అనే విశేషనామం నిలిచి ఉంది. జిరాలోనూ ‘బగ్’ రకంగా కొనసాగుతున్నది. సామాన్యనామం తటస్థమైనప్పుడు ఫిర్యాదు గౌరవాన్ని కాపాడే భారం ఈ విశేషనామం మీదే పడుతుంది.

5. ముగింపు

‘ఇష్యూ’, ‘వర్క్ ఐటమ్’ రెండూ నమోదులోని విషయానికి పెట్టిన పేర్లు. నమోదు అనే వస్తువుకు అవి పేర్లు కావు. అందుకే ఒకటి పనిని సమస్యగా, మరొకటి సమస్యను పనిగా చూపుతున్నాయి. తెలుగు లెక్కల పుస్తకంలో జమకూ ఖర్చుకూ సమానంగా వర్తించే ‘పద్దు’ అనే మాట ఉంది. పద్దు తనలో ఏమున్నదో తీర్పు చెప్పదు. ఎవరు రాయించారో, ఎవరి పేరున ఉన్నదో మాత్రం మరువనివ్వదు. ఇటువంటి సాధనాలకు తెలుగు పరిభాషను రూపొందించేవారు ఆంగ్లంలో నిన్న మారిన పదాన్ని ఈరోజు అనువదించడానికి ముందు, ఆ పదం వెంట వచ్చే క్రియ ఎవరిని కర్తగా నిలబెడుతున్నదో చూడవలసి ఉంటుంది. సామాన్యనామంగా ‘పద్దు’ను, దాని కింద ‘ఫిర్యాదు’, ‘పని’ అనే వేర్వేరు రకాలను నిలిపితే, లేవనెత్తినవారూ పూర్తిచేసేవారూ ఇద్దరూ ఆ పరిభాషలో కనిపిస్తారు.