బడిపంతులును పరిశోధనయు

పరిశోధన విశ్వవిద్యాలయములకే చెందినదనియు, ఉన్నత పాఠశాలలోని ఉపాధ్యాయుని పని అచ్చుపాఠమును అప్పగించుటయే యనియు మనలో పలువురు తలచుచున్నారు. ఈ తలపు పొరపాటని మా యభిప్రాయము.

గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారిని వ్యావహారిక భాషావాదిగా లోకమెఱుగును; పరిశోధకుడైన బడిపంతులుగా ఎఱిగినవారు తక్కువ. నాడు మద్రాసు రాజధానిలో నుండి నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో, రాజావారి పాఠశాలయందు 1880లో ఆయన ఉపాధ్యాయుడుగా చేరెను. అప్పటి కాయన చదువు మెట్రిక్యులేషను మాత్రమే. సమీపమునందలి కొండలలో నివసించు సవరల భాషకు నాడు లిపి లేదు. వారి బిడ్డలకు నాడు తమ భాషలో చదువు లేదు. ఆయన ఆ భాష నేర్చి, పదములను, పాటలను, కథలను సేకరించి, పాఠపుస్తకములు వ్రాసి, సవరలకు బడులు పెట్టించెను. కొండజ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి చెడినను పని విడువలేదు. ఆయన రచించిన సవర వ్యాకరణము 1931లో వెలువడెను.

అట్టి శ్రమ అందఱికిని సాధ్యము కాదందురేమో. కాని తరగతిలోనే పరిశోధనకు విషయము కలదు. రెండింట ఒకటికి మూడింట ఒకటి కూడుమన్న, ఒక బాలిక పై అంకెలను పైవానితోను, క్రింది అంకెలను క్రిందివానితోను కూడి, అయిదింట రెండని వ్రాయును. ఎఱ్ఱసిరాతో కొట్టివేసినంతమాత్రమున ఆ తప్పు పోదు. ఎందఱట్లు చేయుచున్నారో లెక్కించి, ఏల చేసితివని యడిగి, బోధనరీతిని మార్చి, మరల పరీక్షించి, ఫలితమును వ్రాసియుంచుటయే పరిశోధన.

శిక్షణ కళాశాలలు దీనినే చర్యాపరిశోధన యని బోధించుచున్నవి. కాని మార్కులకొఱకు ఒకరి నివేదికను మఱియొకరు ఎత్తివ్రాసినచో ఆ పేరేమి మేలు చేయును? 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయునకు ఏటేట 50 గంటల వృత్త్యభ్యాసమును నిర్దేశించినది. ఆ గంటలన్నియు ఉపన్యాసములు వినుటకే చెల్లినచో ప్రశ్నించు నలవాటు కలుగదు. వానిలో కొంతభాగమైనను సొంత తరగతిని పరిశీలించుటకు విడువవలెను. కనుగొన్న దానిని తోడి ఉపాధ్యాయులయెదుట చదువుట కవకాశ మీయవలెను. ప్రయత్నము విఫలమైనదని నిజము చెప్పినవానిపై తప్పు మోపరాదు. ఎన్నికలకును జనగణనకును పంతులునే పంపు ప్రభుత్వము, ఈ పనికి మాత్రము వేళ లేదనుట న్యాయము కాదు.

గృహస్థులకును ఇందు బాధ్యత కలదు. బడికి పోయినప్పుడు బిడ్డకు వచ్చిన మార్కులనే గాక, వానికేమి బోధపడలేదో, ఏల బోధపడలేదో కూడ అడుగుడు. ఉపాధ్యాయుడు దానిని విచారించి చెప్పుటకు కొంత గడువు కోరిన, ఆ గడువును గౌరవముతో ఇండు.