ఏడుపుకీ ఒక మ్యూజియం

ఐర్లండు వెళ్ళి ఏం చూసొచ్చావని అడిగినవాళ్ళందరికీ "చావిల్లు చూసొచ్చాను" అని నేను చెబుతుంటే మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "శుభమా అని తమ్ముడింటికి వెళ్ళి అవేం చూపులే తల్లీ!" అన్నారు.

నిజానికి నేను బయల్దేరింది అందుకు కాదు. డబ్లిన్‌లో మా తమ్ముడింట్లో నెల్లాళ్ళున్నాను. ఓ శనివారం మా మరదలు "రండి వదినా, వాటర్‌ఫర్డ్ వెళ్ళొద్దాం. గాజు సామానుకి పేరున్న ఊరు" అంది. గాజు సామానంటే ఏ ఇల్లాలు కాదంటుంది? రైలెక్కాం. గాజు సామాను చూడడం అయింది. ధరలు చూశాక కొనడం మాత్రం కాలేదు. అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే చర్చి పక్కన పాతకాలపు రాతి ఇల్లొకటి కనిపించింది. అదే ఐరిష్ వేక్ మ్యూజియం. 2023లో తెరిచారు. ఇల్లు మాత్రం 1478 నాటిది. దిక్కులేని బీదవాళ్ళకి నీడ కోసం కట్టించిన సత్రం. అందుకు బదులుగా వాళ్ళు దాతల ఆత్మశాంతి కోసం ప్రార్థనలు చెయ్యాలి. కూడు పెట్టి పుణ్యం కొనుక్కోవడం మనకొక్కరికే తెలుసనుకున్నాను!

వేక్ అంటే జాగారం. మనం శివరాత్రికి చేస్తాం, వాళ్ళు శవం దగ్గర చేసేవారు. ప్రాణం పోగానే గడియారం ఆపేసేవారు. అద్దాలకి గుడ్డలు కప్పేవారు. ఆత్మ వెళ్ళిపోవడానికి కిటికీ తెరిచేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళొచ్చి శవానికి స్నానం చేయించి మంచిబట్టలు కట్టేవారు. వచ్చినవాళ్ళకి మట్టి చిలుములు, పొగాకు, నశ్యం, విస్కీ ఇచ్చేవారు. ఇక రాత్రంతా కథలు, పొడుపుకథలు, ఆటలు. ఉత్తుత్తి పెళ్ళిళ్ళు కూడానట! ఈ ఆటల మీదే షాన్ ఓ సులివన్ అనే జానపద పండితుడు ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో 1967లో వచ్చింది.

"చావింట్లో ఆటలేమిటి వదినా!" అని ముక్కున వేలేసుకుంది మా మరదలు. నాకు మాత్రం వింతనిపించలేదు. శవం ఉన్న ఇంట్లో తెల్లవార్లూ మేలుకోవాలంటే మనిషికి మనిషి తోడుండాలి. నవ్వయినా సరే, ఏడుపయినా సరే, పక్కన మనిషుంటేనే కదా.

ఆటల దాకా అందరం నవ్వుతూనే విన్నాం. 'కీనింగ్' దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా నవ్వు ఆగిపోయింది. శవం చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, పోయినవాళ్ళ గుణగణాలు, కులగోత్రాలు, చేసిన మేళ్ళు, పడ్డ కష్టాలు రాగం తీసి అప్పటికప్పుడు అల్లి పాడతారు. ఒకామె అందుకుంటుంది, మిగతావాళ్ళు వంత కలుపుతారు. బాగా ఏడవగలదని పేరున్నామెని డబ్బో, తిండో, పొగాకో ఇచ్చి పిలిపించుకునేవారు. ఆ మాట వినగానే మాతో వచ్చినవాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. మనం మాత్రం తక్కువ తిన్నామా? 'కిరాయి ఏడుపు' అనే మాట మనకీ ఉంది. డబ్బు తీసుకుంటే ఏడుపు దొంగదయిపోతుందా అని అప్పుడే అనిపించింది. పురోహితుడు దక్షిణ పుచ్చుకుంటే మంత్రం దొంగదని ఎవరైనా అంటున్నారా?

ఆ ఏడుపులోంచి ఎంత సాహిత్యం పుట్టిందో తెలియాలంటే ఆర్ట్ ఓలియరీ శోకగీతం కథ తెలియాలి. 1773లో మాట. కేథలిక్కులు అయిదు పౌన్లకి మించిన ఖరీదు గల గుర్రాన్ని ఉంచుకోకూడదని ఇంగ్లీషువాళ్ళ చట్టం. ఆర్ట్ దగ్గర మంచి గుర్రముంది. అబ్రహాం మారిస్ అనే అధికారి అయిదు పౌన్లకి దాన్ని ఇమ్మన్నాడనీ, ఇతను ససేమిరా అన్నాడనీ చెబుతారు. ఆ పగ ముదిరి చివరికి సైనికుల చేత కాల్పించారు. ఇరవయ్యారేళ్ళవాడు. అతని భార్య ఐలీన్ పాడిన శోకమే ఆ గీతం. రౌతు లేని గుర్రం నెత్తుటి మరకలతో ఇంటికి రావడం, ఆమె ఒక్క ఉదుటున దాని మీదికెక్కి పరుగెత్తించడం, ముళ్ళపొద దగ్గర పడున్న భర్తని చూడడం, ఆ రక్తం దోసిట పట్టి తాగడం – అన్నీ ఉన్నాయి అందులో.

నన్ను పట్టేసింది మాత్రం అవి కాదు. అతను తనకోసం ఇంట్లో గదికి రంగులేయించిన సంగతీ, వంటింట్లో రొట్టెలూ మాంసమూ కాలుతున్న సంగతీ కూడా చెప్పుకుంటుందామె. ఇంకో ఘట్టముంది. జాగారం రాత్రి నువ్వు వెళ్ళి పడుకున్నావని ఆడపడుచు నలుగురిలో పాటలోనే దెప్పుతుంది. నిద్రకి కాదు, బెంగపడ్డ పిల్లల్ని నిద్రపుచ్చడానికి వెళ్ళానని పాటలోనే జవాబు చెబుతుందీవిడ. మొగుడి శవం ముందు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఎలాంటిదో మనకి వేరే చెప్పాలా?

సింజ్ రాసిన 'రైడర్స్ టు ది సీ' నాటకం (1904) బి.ఏ. రోజుల్లో చదివి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కొడుకులందర్నీ సముద్రానికి అప్పజెప్పిన ముసలితల్లి అందులో చివరికి అన్నిటికీ తలవంచి ఊరుకుంటుంది. గొప్ప నాటకమే, కాదనను. కాని ఐలీన్ ఊరుకోలేదు. చంపినవాణ్ణి పేరు పెట్టి శపించింది. మగాడు రాస్తే తల్లి శాంతించింది, ఆడది పాడితే నిలదీసింది. ఈ తేడా నాకు నలభయ్యేళ్ళు దాటితేగాని కనిపించలేదు.

మరి ఆ గీతం కాగితం మీద పెట్టిందెవరు? ఐలీన్ కాదు. నోరా సింగిల్టన్ అనే పల్లెటూరి మనిషి దాన్ని నోట నిలుపుకుంటే, ఆమె పాడగా పంతొమ్మిదో శతాబ్దంలో రాసుకున్నారు. ఆ నోరా వృత్తేమిటనుకున్నారు? చావిళ్ళలో శోకం పెట్టడం. మనం నవ్వుకునే కిరాయి ఏడుపే! 2020లో డిరిన్ నీ గ్రీఫా అనే కవయిత్రి, పాలుతాగే పిల్లలతో, ఇంటి చాకిరీతో సతమతమవుతూ ఈ ఐలీన్ కోసం వెతుక్కుంటూ ఒక పుస్తకమే రాసింది. నోరా పాడకపోతే ఆవిడకేం దొరికేది?

పదిహేడో శతాబ్దం నుంచీ చర్చి పెద్దలు సభలు పెట్టి మరీ ఈ శోకాలు కూడదన్నారు. అనాగరికమన్నారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి దాదాపు అంతరించిపోయింది. వింటున్నప్పుడు ఆ పెద్దల మీద నాకు ఒళ్ళు మండింది. ఆ మరుక్షణమే తల దించుకున్నాను.

ఎందుకంటే నేనూ ఆ పని చేశాను.

2016లో మా అమ్మ పోయింది. మా ఇంట్లో పాతికేళ్ళు పాడి చూసిన ముసలమ్మ వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, గుండెలు బాదుకుంటూ రాగం తీసింది. వాకిట్లో మా ఆయన ఆఫీసువాళ్ళు, నాకు తెలిసిన రచయితలు కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. "పిల్ల చదువు ఆగిపోద్దని చేతి గాజులు ఇప్పి నా చేతిలో ఎట్టి తాకట్టుకి అంపావే తల్లీ, పిల్లకి తెలవనీకని ఒట్టేయించుకుంటివే..." అని ఆమె అంటూండగా నేను లేచి వెళ్ళి భుజం మీద చెయ్యేసి "ఇక ఊరుకో" అన్నాను. ఆమె ఠక్కున ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకుని మూలకి వెళ్ళి కూర్చుంది.

అమ్మ గాజులు అరిగిపోయి మార్పించానంది నాతో. నేను నమ్మాను. ఆ తర్వాత అవి ఎలా విడిపించింది? అసలు విడిపించిందా? ఇంకా ఏమేం తాకట్టు పెట్టింది? అవన్నీ ఆ పాటలో తర్వాతి చరణాల్లో ఉండుంటాయి. నవలల్లో ఎంతమంది తల్లుల్నో కల్పించి రాశాను. మా అమ్మ కథ ఒకామె నా ఎదురుగా కూర్చుని చెబుతుంటే నోరు మూయించాను.

మ్యూజియం బాగుంది. వెళ్ళగలిగినవాళ్ళు తప్పకుండా చూడండి. గడియారం ఎందుకు ఆపేవారో, చిలుము ఎందుకు పంచేవారో చెప్తే అర్థమవుతుంది. ఏ మ్యూజియమైనా వస్తువుల్ని దాచగలదు. ఏడుపుని దాచాలంటే మాత్రం నోరా లాంటి మనిషి కావాలి, ఆమెని పాడనిచ్చే ఇల్లు కావాలి.

తిరుగు రైల్లో మా మరదలు "ఏమిటి వదినా, అలా ఉన్నారు?" అంది. చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "మా అమ్మమ్మ పోయినప్పుడు నేనసలు వెళ్ళనేలేదు, ఫోన్లోనే చూశాను" అంది. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

ఇండియా రాగానే మా ఊరెళ్ళాను. ఆ ముసలమ్మ కిందటి సంక్రాంతికి ముందే పోయిందట. ఆమె చావుకి ఎవరైనా రాగం తీశారా అని వాళ్ళ కోడల్ని అడిగాను. "ఇప్పుడవన్నీ ఎవురు చేత్తన్నారమ్మగారూ, నామోషీ కదా!" అంది.