రాయవేలూరు కొలువులో ఒక చదువు

వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణ మండపం ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరదు. ఆ వేలూరును ఏలిన చినబొమ్మ నాయకుడి కొలువులో ఆ రాతిపనికి తీసిపోని పనితనం మరొకటి ఉంది. అది అప్పయ్య దీక్షితులది. ఆరణి దగ్గరి అడయపాలెంలో పుట్టిన ఈ పదహారో శతాబ్దపు పండితుణ్ణి కువలయానందం రాసిన ఆలంకారికుడిగానే మనవాళ్లు ఎక్కువ ఎరుగుదురు. శాస్త్రం చదవడంలో ఆయన నేర్పు చూడాలంటే మాత్రం, అద్వైతంలోని భిన్న పక్షాలను ఒకచోట కూర్చిన సిద్ధాంతలేశ సంగ్రహం తెరవాలి.

ఆత్మను గురించి వినమని ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పాడు గదా, అది ఆజ్ఞేనా? అయితే ఏ రకం ఆజ్ఞ? గ్రంథంలో మొదటి చర్చే ఇది. మరోలా తెలియరాని దాన్ని చెప్పే అపూర్వవిధి అంటాడు ప్రకటార్థకారుడు. వివరణ మార్గంవాళ్లకు అది నియమవిధి: గోటితో ఒలిచినా బియ్యం వస్తాయి, అయినా వడ్లు దంచే తీయమన్నట్టు. వార్తికాన్ని అనుసరించేవాళ్లు పరిసంఖ్య అంటారు, అంటే తక్కిన వ్యాపకాలు మానమనడం. వాచస్పతి పక్షంలో అసలు విధే లేదు.

ఒక్కో పక్షాన్నీ అది తన పక్షమే అన్నంత బలంగా నిలబెడతాడు దీక్షితులు. దాని మీద వచ్చే ఆక్షేపణకు ఆ పక్షం నుంచే జవాబిస్తాడు, తరవాతి దానికి వెళ్తాడు. గెలుపెవరిదో చెప్పడు. పూర్వాచార్యుల మనసంతా ఆత్మ ఒక్కటేనని నిరూపించడం మీదే ఉంది, దారి వివరాలను వాళ్లు అంతగా పట్టించుకోలేదని మొదట్లోనే అంటాడు. ఆ ఒక్క మాటతో చదివేవాడి మనసులోని పోటీ సద్దుమణుగుతుంది. ఈ గ్రంథం ఇచ్చే శాంతి అక్కడే ఉందని నా నమ్మకం.

చతుర్మతసార సంగ్రహంలోనూ ఇదే నేర్పు. మధ్వ, రామానుజ, శ్రీకంఠ, శంకర మతాల ప్రకారం బ్రహ్మసూత్రాల సారాన్ని నాలుగు భాగాల్లో చెప్పాడు. మధ్వతంత్ర ముఖమర్దనం రాసిందీ ఈ చెయ్యే, అందులో ఖండనకు పదునెక్కువ. అందుకే ఆ నిదానం పుట్టుకతో వచ్చింది కాదు, సాధనతో పట్టుబడింది అనిపిస్తుంది నాకు.

శ్రీకంఠ భాష్యానికి శివార్కమణిదీపిక అనే వ్యాఖ్య రాసినందుకు చినబొమ్మ నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేశాడు. ఆ భాష్యాన్ని 500 మంది విద్వాంసులు చదువుకునే ఏర్పాటు జరిగిందని అడయపాలెం కాలకంఠేశ్వరాలయంలోని 1582 నాటి శాసనం చెబుతోంది.