చెయ్యి దూరే చోటు

అమెరికాలో డీజిల్ పికప్ వాడేవాళ్లు మూడు పార్టీలుగా చీలిపోయి ఉంటారు: రామ్ బండిలోని కమిన్స్, ఫోర్డ్ పవర్‌స్ట్రోక్, షెవర్లే డ్యూరమ్యాక్స్. నలుగురు కలిస్తే చాలు, హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత అన్న వాదనే. నేను మాత్రం ముందు బానెట్ ఎత్తి, రిపేరుకు చెయ్యి ఎక్కడిదాకా దూరుతుందో చూస్తాను.

1989 మోడల్ డాడ్జ్ రామ్‌లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్‌ది 160 హార్స్‌పవరే. ఇవాళ అక్కడి మామూలు కార్లలో చాలావాటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయినా ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, 120 మిల్లీమీటర్ల స్ట్రోక్, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగానే లోడు కదిలిపోతుంది. టైమింగ్‌కు చైనూ లేదు, బెల్టూ లేదు, అంతా గేర్లే. ఇంజెక్టర్లు కంటికెదురుగా, వాల్వ్ కవర్లకు బయటే ఉంటాయి. పైపు నట్టు వదులు చేసి ఒక్కోదాన్నీ విప్పుకోవచ్చు. ఈ కుటుంబం ఇంజిన్లే జంషెడ్‌పూర్‌లో తయారై టాటా లారీలకూ వచ్చాయి కాబట్టి మన మెకానిక్కులకూ కొత్త కాదు. దీనికీ ఒక గండముంది. గేర్ కేసులోని చిన్న డోవెల్ పిన్ను జారి గేర్ల మధ్య పడితే ఇంజిన్ పోయినట్టే. కానీ ముందు కవరు విప్పి చిన్న రేకు ముక్క బిగిస్తే ఆ భయం తీరిపోతుంది.

జనరల్ మోటార్స్, ఇసుజు కలిసి చేసిన డ్యూరమ్యాక్స్ 2001 మోడల్‌తో వచ్చింది. అల్యూమినియం హెడ్లు, కామన్ రైల్, వెనక ఆలిసన్ గేర్‌బాక్స్. ఘాట్ రోడ్డులో ఇంత సాఫీగా లాగే జోడీ అప్పట్లో ఇంకోటి లేదనే అంటాను. అయితే ఆ మొదటి రకంలో ఇంజెక్టర్లను వాల్వ్ కవర్ల కింద పెట్టారు. అవి పగిలితే డీజిల్ తిన్నగా ఇంజిన్ ఆయిల్లోకి దిగేది. చివరికి కంపెనీయే వాటి వారంటీ పెంచాల్సివచ్చింది.

ఫోర్డ్‌కు నావిస్టార్ కంపెనీ ఇచ్చిన 7.3 లీటర్ల ఇంజిన్ మొండిది, మంచిది. దాని తర్వాతి 6.0 మాత్రం ఎగ్జాస్ట్ పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్లు, హెడ్ గ్యాస్కెట్లతో జనాన్ని ఏడిపించింది. గ్యాస్కెట్ మార్చాలంటే చాలామంది మెకానిక్కులు క్యాబిన్‌నే పైకి ఎత్తేస్తారు. 2011 మోడల్‌తో వచ్చిన, ఫోర్డ్ సొంతంగా చేసిన 6.7లో ఎగ్జాస్ట్‌ను రెండు సిలిండర్ వరసల మధ్యకే తిప్పి టర్బోను అక్కడే కూర్చోబెట్టారు. దారి తగ్గింది, టర్బో చటుక్కున అందుకుంటుంది. ఆ తెలివి నాకెంతో నచ్చింది.

రోజూ ట్రైలర్ లాగేవాళ్లు కొత్త బండి గురించి అడిగితే డ్యూరమ్యాక్స్ అంటాను. సొంతంగా స్పానర్ పట్టేవాళ్లను మాత్రం 1994–97 నాటి, తుప్పు పట్టని కమిన్స్ బండి వెతుక్కోమంటాను. వాటిలో ఉన్నది బాష్ పి7100 పంపు, ఇంధనం అందించడానికి కంప్యూటర్‌తో పనే లేదు.