మాంత్రికుడి పెంపకం

గుడివాడ చుట్టూ ఉన్న పల్లెల పేర్లు వరసగా చెబితే చాలు, తెలుగు జానపద సినిమా సగం కళ్ళ ముందుకు వస్తుంది. నిమ్మకూరు ఎన్టీ రామారావుది. రామాపురం అక్కినేనిది. చౌటపల్లి ఘంటసాల పుట్టిన ఊరు. ‘పాతాళభైరవి’ తోటరాముడు, ‘కీలుగుర్రం’ కథానాయకుడు, ఆ రెండు సినిమాల పాటలకూ ప్రాణం పోసిన గొంతు, ముగ్గురూ ఈ వరిచేల మధ్య నుంచి వెళ్ళినవాళ్ళే. ఈ వరసలో కౌతరం పేరు ఆఖరున చెబుతుంటారు గానీ, మాయల కథకు అందరికన్నా దగ్గరి ఊరు అదేనని నేనంటాను. 1935లో కైకాల సత్యనారాయణ అక్కడ పుట్టారు. గుడివాడ కాలేజీలో చదువుకుని మద్రాసు వెళ్ళారు. విఠలాచార్య తీసిన ‘కనకదుర్గ పూజామహిమ’ (1960) ఆయన్ని ప్రతినాయకుణ్ణి చేసింది. తెలుగు పిల్లలు తరాల తరబడి భయపడిన ముఖం ఆయనది. ఆ మనిషే 1995లో ఎస్వీ కృష్ణారెడ్డి ‘ఘటోత్కచుడు’లో ఒక చిన్నపాపను కాచుకోవడానికి పైలోకం నుంచి దిగివచ్చారు. అంతటి ఆకారం, అన్ని మాయలు తెలిసిన రాక్షసుడు, ఒక పాప నవ్వు కోసం తాపత్రయపడుతుంటే హాల్లో పిల్లలు భయం మరిచిపోయారు.

ఆ సినిమా గాలిలోంచి పుట్టలేదు. మాయలు తెలిసిన పెద్ద, అతని చేతికి చిక్కిన చిన్నవాడు: మన కథల్లో ఈ జంట చాలా పాతది. దీన్ని నడిపే పద్ధతులు మనవాళ్ళకు బాగా తెలుసు. అన్నిటికీ అడుగున ఒకటే కొలత ఉంది. మాంత్రికుడి గొప్ప అతని మంత్రంలో లేదు, పిల్లవాణ్ణి ఎలా చూసుకున్నాడన్న దాంట్లో ఉంది.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలనే తీసుకోండి. పన్నెండు భాగాల ఆ మహా కథాసముద్రం మొత్తం ఒక ఒప్పందం మీద నిలబడింది. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్ళాలి, తోడు కావాలి. తోడుకు దొరికినవాడు పశువులు కాసుకునే కుర్రవాడు. వాడు ఊరికే రానన్నాడు. దారిలో ప్రతి మజిలీలోనూ తను ఏదో ఒక వింత చూస్తాడట. దాని సంగతి అడుగుతాడట. గురువు చెప్పి తీరాలి, లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతాడు. సిద్ధుడి దగ్గర మహిమగల మణి ఉంది. దాని బలంతో ఏ వింతకైనా పూర్వకథ తెలుసుకుని చెప్పగలడు. కానీ ఆ మణిని కదిలించేది కుర్రవాడి ప్రశ్నే. వాడు అడగకపోతే అంత మహిమా మూటలోనే ఉండిపోయేది.

ఈ ఏర్పాటులోని పనితనం చూడండి. పిల్లవాడికి మంత్రం రాదు, చదువు లేదు. ఉన్నదల్లా కంటబడ్డదాన్ని వదలని చూపు. అదే వాడి ప్రతిభ. గురువు దాన్ని అణచకుండా రోజూ మేత వేస్తాడు. నడిచి నడిచి అలిసిపోయి, వంట వండుకుని తిన్నాక కూడా కథ చెప్పక తప్పదు. ఇక కథ చెప్పే రచయితకు దీనివల్ల కలిగిన లాభం చిన్నది కాదు. ఎంత దూరం పోయినా, కథలో కథ ఎన్ని పొరలు దిగినా, చివరకు ఒక చెట్టు కింద కూర్చున్న ఇద్దరు మనుషుల దగ్గరికి తిరిగి రావచ్చు. వినేవాడికి దారి తప్పదు. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు కథ మధ్యలో ఆగి ‘ఊఁ’ కొట్టమనేది కూడా ఇందుకే.

పెంపకం చెడితే ఏమవుతుందో చూపే కథలు మనకు ఇంకా ఎక్కువ. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి దగ్గరకు తీస్తాడు, ధైర్యాన్ని మెచ్చుకుంటాడు, గుహలోకి దారి చూపిస్తాడు. పైకి అంతా గురువు వేషమే. లోపల మాత్రం బలిపశువును ఎంచుకునే లెక్క. ఇక సొంత శిష్యుడు సదాజపుడి సంగతి చెప్పక్కర్లేదు. పద్మనాభం వేసిన ఆ పాత్ర గురువు వెంట పరుగులు తీయడమే తప్ప విద్య అబ్బించుకున్నది కనబడదు. కుర్రవాణ్ణి పనిముట్టుగా చూసిన మాంత్రికుడు భైరవి ముందు తనే బలైపోతాడు. కథ ఈ శిక్షను ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. స్నానానికి దిగిన తోటరాముడికి నీళ్ళలో ఒక మొసలి ఎదురవుతుంది, శాపం తీరిన ఆ మొసలి ద్వారా అసలు గుట్టు బయటపడుతుంది. అంతే, బలిపీఠం దగ్గర స్థానాలు తారుమారు.

బాలనాగమ్మ కథ ఇంకో అడుగు ముందుకు వేసింది. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తోలుకుపోతాడు, ఆమె భర్త రాయైపోతాడు. ఉయ్యాలలో మిగిలిన వాళ్ళ కొడుకు బాలవర్ధిరాజును పెద్దమ్మలు పెంచుతారు. వాడికి ఒక్క మంత్రమూ రాదు. పూలు కట్టే ముసలమ్మ పంచన చేరి, మనవణ్ణని నమ్మించి, తల్లి ఉన్న చోటు చేరుకుంటాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తల్లి ద్వారా తెలుసుకుంటాడు. 1942లో జెమినీ వాళ్ళు దీన్ని సినిమా తీస్తే, మాంత్రికుడిగా గోవిందరాజుల సుబ్బారావు నటన జనాన్ని వణికించింది. అయినా ఈ కథ అసలు రుచి బుర్రకథలోనే ఉంది.

బుర్రకథకు మనుషులు ముగ్గురే. మధ్యన తంబురా భుజానేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కున్న కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. చిలక దొరికే ఘట్టానికి వచ్చేసరికి తాళం దిగిపోతుంది. గుమ్మెట మీద వేళ్ళు మాత్రమే ఆడుతుంటాయి. పిల్లవాడు చిలక కాలు విరిచాడనగానే కథకుడు అందెలు ఒక్కసారి మోగిస్తాడు. ఇటు హాస్యగాడు కుంటుతాడు. రెక్క విరిచాడంటే చెయ్యి వేలాడేస్తాడు. కొన్ని క్షణాల క్రితం గుమ్మెట వాయిస్తూ తందాన అన్న మనిషే ఇప్పుడు ఫకీరు. ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలు కేకలు వేస్తూనే నవ్వుతారు. మీసం లేదు, గడ్డం లేదు, మంత్రదండం లేదు. అంతటి మాంత్రికుడు చతికిలబడేది ఒక్క అడుగు తేడాలో. భయాన్నీ నవ్వునూ ఒకే దరువు మీద నడపడం బుర్రకథ పనితనం.

చిలక ఉండడమే కథకు కీలకం. డెల్టా కాలువల మీద లాకులు ఎలాగో, మన కథల్లో మహిమకు హద్దు అలాగ. ఎంతటి మాంత్రికుడి ప్రాణానికైనా ఎక్కడో ఒక చిలక ఉంటుంది. వరానికి గడువుంటుంది, శాపానికి విమోచనం ఉంటుంది. అన్నీ చేయగలిగినవాడి కథలో పిల్లవాడికి పనే ఉండదు కాబట్టి ఈ హద్దు పెట్టారు.

‘మాయాబజార్’ (1957) దగ్గరికి వచ్చేసరికి మాంత్రికుడి పెంపకం పూర్తిగా పండుగైపోయింది. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు వేసిన నూజివీడు ఎస్వీ రంగారావే ఇక్కడ ఘటోత్కచుడు. రెండింటికీ దర్శకుడు కేవీ రెడ్డి, మాటలు పింగళి నాగేంద్రరావు. బందరులో ఇండియన్ డ్రమెటిక్ కంపెనీలో నాటకాలతో చెయ్యి తిరిగిన పింగళికి, జనం ఎక్కడ నవ్వుతారో వేదిక నేర్పింది. తండ్రి దగ్గర లేకుండా తల్లి హిడింబి నీడన పెరిగిన కొడుకు ఘటోత్కచుడు. అతని ఆశ్రమంలో రమణారెడ్డి వేసిన చిన్నమయ లంబు, జంబులకు పాఠం చెబుతుంటాడు. శిష్యుల నోరు తిరగదు, మాటలు వంకరపోతాయి. ఇంకో గురువైతే బెత్తం తీసేవాడు. ఇక్కడ కొత్త మాట పుట్టించిన శిష్యుడికి వీరతాడు వేయమని ఘటోత్కచుడి ఆజ్ఞ. తప్పు పలికిన నోరు బహుమానం పుచ్చుకునే బడి, రాక్షసుల బడి! ఆ శిష్యులే తర్వాత విడిది నగరం మొత్తాన్ని మాయతో నిలబెట్టి, కౌరవుల వైపు పెళ్ళివాళ్ళను ముప్పుతిప్పలు పెడతారు. చాలామంది ఇందులో పెళ్ళిభోజనాన్నే తలుచుకుంటారు. నాకు ఆ బడి మీదే ఎక్కువ ప్రేమ.

తెర మీద ఈ మాయలన్నీ మార్కస్ బార్‌ట్లీ కెమెరా చేసినవి. కంప్యూటర్లు లేని రోజులవి. కెమెరా ఆపి మనిషిని మార్చడం, ఫ్రేములో సగం మూసి ఒకసారి, తక్కిన సగం మూసి ఇంకోసారి తీయడం, కంటికానని దారాలు కట్టడం, ఇవే అప్పటి సాధనాలు. వీటిలో దారాల విద్య సినిమాకన్నా ముందే మన నాటకంలో ఉంది.

అది సురభి వాళ్ళది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన నాటక కుటుంబం, అంతకుముందు తోలుబొమ్మలాడించిన వంశం. మాయాబజార్, బాలనాగమ్మ, పాతాళభైరవి మూడూ వాళ్ళు వేదిక మీద ఆడారు. బాణాలు ఎదురెదురుగా తీగల మీద దూసుకొచ్చి నిప్పురవ్వలు రాలుస్తాయి. నారదుడు పైనుంచి దిగుతాడు. లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగురుతాయి. ప్రేక్షకుల ఎదురుగా, ఒక్క టేకులో, తప్పు దిద్దుకునే వీలు లేకుండా. ఒక సీను అయ్యేలోపు వెనక తెర మారిపోతుంది. ఒకప్పుడు యాభై దాకా ఉన్న సమాజాలు ఇప్పుడు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగేన్నే మిగిలాయి. 2013లో సురభి బాబ్జీకి పద్మశ్రీ వచ్చినా, సమాజాలు నిలబడాలంటే టికెట్టు కొనే జనం కావాలి.

ఇక్కడ మాంత్రికుడూ పిల్లవాడూ ఇద్దరూ నిజమైనవాళ్ళే. సురభి ఇంట పుట్టిన బిడ్డ చంకలో ఉండగానే పసికృష్ణుడిగా వేదిక ఎక్కుతుంది. నడక వచ్చాక లవకుశులు, ప్రహ్లాదుడు. తెర వెనక దారం ఎవరు లాగుతున్నారో ఆ పిల్లలకు తెలుసు, లాగేది మేనమామో పెద్దమ్మో. అయినా నాటకంలో లడ్డు ఎగిరినప్పుడు వింగు పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తారు. కిటుకు తెలిసినా వింత చెడదు, ఎందుకంటే అది ఎంత కష్టమో కూడా వాళ్ళకు తెలుసు. దారం తెగితే ఏం మాట్లాడి సర్దాలో, చీకట్లో ఎక్కడ అడుగు వేయాలో, నిప్పురవ్వకు ఎంత దూరంలో నిలబడాలో పెద్దవాళ్ళు ముందు నేర్పేవి ఇవే. వేషం తర్వాత. అలా పెరిగినవాళ్ళలో ఒకనాటి బాలవర్ధిరాజులు కొందరు గొంతు ముదిరాక గడ్డం అతికించుకుని ఫకీరు వేషం కడతారు. అప్పటికి చిలకను పట్టుకోవడానికి ఇంట్లో ఇంకో చిన్నవాడు సిద్ధంగా ఉంటాడు.